ఎడమవైపు బ్రాకెట్

రాజమండ్రి, దానవాయిపేట
12 జనవరి 2025

శ్రీ శ్యాంబాబు గారికి,

భీమరాజు రాయునది. దస్తూరీ చూడగానే గుర్తుపట్టే ఉంటారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఈ మనిషికి నాతో ఏం పని పడిందని కంగారు పడకండి. పని మీతో కాదు, మీరు చేసిన వెల్డింగుతో.

కాలువలోంచి తీయించి, మీ వర్క్‌షాపులో బాగుచేసి మీరు పంపిన నా పద్మిని కారు ఆనాటి నుంచీ షెడ్డులోనే ఉంది. మా ఆవిడ నాగదుర్గ పోయాక, కిందటేడు దాని మీద గుడ్డ తీశాను. ఇంజనూ బ్రేకులూ నేనే విప్పి నేనే బిగించాను. ఊళ్లో ఒకరిద్దరు మెకానిక్కుల్ని పిలిచి చూశాను. ఫోన్లో వీడియో చూసి పని నేర్చుకున్నవాళ్లు. పానా పట్టుకునే చేతిని బట్టే మనిషిని చెప్పగలను నేను. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు ఆటోమొబైల్ చెప్పినవాణ్ణి. నన్ను తప్పించి హెడ్ అయినాయనకి ఇప్పటికీ డిఫరెన్షియల్ ఎలా తిరుగుతుందో తెలీదు, అది వేరే సంగతి.

శ్రీదుర్గ ఆ కారెక్కదు. ఆనాడు వెనక సీట్లో ఉన్నది పన్నెండేళ్ల పిల్ల. ఇప్పుడు ముప్ఫయ్యారేళ్ల లెక్చరరు. అయినా, "అది మలుపులో ఒరుగుతుంది నాన్నా, నా వల్ల కాదు" అంటుంది. అందుకని ఒరగకుండా చేద్దామని ముందూ వెనకా లావుపాటి స్టెబిలైజర్ రాడ్లు కోయంబత్తూరు నుంచి తెప్పించాను. పాతవి పదహారు ఎం.ఎం., ఇవి పంతొమ్మిది. ఒక చక్రం పైకి లేవబోతే రెండోదాన్ని పట్టుకుని కారుని సమంగా ఉంచే కడ్డీ ఎంత లావుంటే అంత మంచిదని మీకు చెప్పక్కర్లేదు. వెనకది పట్టింది. ముందుదాని కుడి చివరా పట్టింది. ఎడమ చివర మీరు వేసిన బ్రాకెట్‌లో కూర్చోవడం లేదు. దాని కొలతలు కావాలి. అంతే.

ఫోన్ చేద్దామంటే మీకు చెవులు పూర్తిగా పోయాయని విన్నాను. నాకిదే నయం. ఉత్తరంలో ఎదుటివాడు మధ్యలో అడ్డురాడు.

భీమరాజు


పాలకొల్లు
20 జనవరి

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆశాజ్యోతి తెచ్చిచ్చి, "రాజమండ్రి నుంచి ఎవరు నాన్నా?" అని పలక మీద రాసింది. ఇంట్లో అందరూ నాతో పలక మీదే మాట్లాడతారు. కోపం వస్తే పెద్ద అక్షరాలు రాస్తారు. అంతకుమించి నష్టమేం లేదండి. సమ్మెట చప్పుడు నలభయ్యేళ్లు విన్నాక ఇంక వినాల్సిందేముంటుంది?

ఎడమ బ్రాకెట్ లారీ కమాను పట్టీ కోసి చేశాను. కంపెనీదానికన్నా మందం, అందుకే లోపల చోటు తక్కువ. దాన్ని కదపకండి. రాడ్‌ని బ్రాకెట్‌లో పట్టి ఉంచే రబ్బరు బుష్ మారిస్తే సరిపోతుంది. కొత్త రాడ్ కొలతకి నాలుగు బుష్‌లు లేతు మీద నేనే తీసి పంపుతాను. లేతు అమ్మలేదు. చేతులింకా వణకడం లేదు.

ఒక్క మాట. ముందు రాడ్ లావు చేసి వెనకది వదిలేస్తే కారు మలుపు తిరగనని మొండికేస్తుంది. మీరు రెండూ తెప్పించారు కాబట్టి ఆ బెంగ లేదు. ఇంకొకటి, జాకీ మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు నట్లు బిగించకండి. రబ్బరు మెలిపడి నాలుగు రోజుల్లో చిరుగుతుంది. చేత్తో పట్టించి, కారు నేల మీదికి దించాకే పానా వెయ్యాలి. ఈ పాఠం నాకు చెప్పింది మీరే, గుర్తుందా?

శ్రీదుర్గ ఎలా ఉందండి? మామయ్యా అంటూ వర్క్‌షాపులో అయస్కాంతంతో ఇనప రజను ఏరేది.

మీ శ్యాంబాబు


రాజమండ్రి
3 ఫిబ్రవరి

శ్యాంబాబు గారికి,

నా పాఠం నాకే చెప్పినందుకు సంతోషం. జాకీ దించాకే బిగించాలని మీకు పుట్టకముందు నుంచీ తెలిసినట్టు రాశారు.

శ్రీదుర్గ ఎలా ఉందని అడిగారు. నాగదుర్గ పోయిననాడు మీరు దండ పట్టుకుని మా గేటు ముందు నిలబడితే, తలుపు మీ ముఖం మీద వేసింది శ్రీదుర్గే. నేను వెయ్యమనలేదు. వద్దనీ అనలేదు. వాళ్లమ్మ ఇరవై రెండేళ్లు కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడవడం చూసిన పిల్లకి నేను చెప్పేదేముంది? మీరు పక్కింట్లో పుట్టి తనకి అన్నయ్యనని చెప్పుకున్నారు. ఆ అన్నయ్య స్టీరింగ్ పట్టుకున్న ఒక్క పూటలో తన తుంటి నుజ్జయింది.

అసలు విషయానికొస్తాను. ఎడమ బ్రాకెట్ బాగా తుడిచి చూశాను. కుడిది కంపెనీదే. నిడదవోలు దాటాక ఆ కాలువ గట్టు మలుపులో కారు కుడివైపుకి పడింది. కుడి తలుపు లోపలికి పోయింది, కుడి మడ్‌గార్డు నలిగింది. మరి దెబ్బ తగలని ఎడమవైపు బ్రాకెట్ ఎందుకు మార్చాల్సొచ్చింది? కుడిదాన్ని ముట్టుకోకుండా ఎడమదాన్ని కోసి కొత్తది అతికించడానికి కారణం ఉండాలిగా? చెప్పండి.

భీమరాజు


పాలకొల్లు
11 ఫిబ్రవరి

బావగారికి,

బుష్‌లు పార్సిల్‌లో పంపాను. ఎడమవైపువాటికి ఎర్ర రంగు చుక్క పెట్టాను.

ఎడమ బ్రాకెట్ తుప్పు పట్టి ఉంటే మార్చాను. అంతకన్నా ఏం లేదు. ఇన్నేళ్ల నాటి ఇనుము సంగతి ఇప్పుడెందుకండి? రాడ్ బిగించుకోండి. అమ్మాయిని ఎక్కించుకుని ఓసారి గోదారి గట్టు మీదికి వెళ్లిరండి.

శ్యాంబాబు


రాజమండ్రి
16 ఫిబ్రవరి

శ్యాంబాబు గారికి,

అబద్ధం ఆడటం కూడా ఒక పనితనమే, అది మీకు లేదు. ఆ రెండు బ్రాకెట్లూ రెండువేల సంవత్సరంలో నేనే కంపెనీవి కొత్తవి తెప్పించి వేశాను. ఒక్క ఏడాదిలో ఒక్కవైపే తుప్పు పట్టిందా?

మీరు నా కారుకి ఏదో చేశారు. దాన్ని కప్పిపుచ్చడానికే, నేను అడక్కుండానే, పైసా తీసుకోకుండా బాగుచేసి పంపారు. అప్పుడది మంచితనం అనుకున్నారు అందరూ. తాగి నడిపాడని మీ చర్చి సంఘానికి ఆనాడు నేను ఉత్తరం రాశాను. మిమ్మల్ని సంఘ పెద్దల్లోంచి తీసేశారని విన్నాను. నేనది కళ్లారా చూసి రాసింది కాదు, నిజమే. ఆ సంగతి ఎప్పుడైనా గుర్తొస్తే మనసులో కొంచెం గుచ్చుకునేది. ఇక గుచ్చుకోదు.

నెలాఖరులోగా నిజం రాయండి. రాయకపోతే ఈ ఉత్తరాలన్నీ మీ అమ్మాయికి పంపుతాను. పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి కదా, తండ్రి గురించి తనూ కాస్త చదువుకుంటుంది.

భీమరాజు


పాలకొల్లు
2 మార్చి

బావగారికి,

చెల్లెమ్మకి మాటిచ్చాను, తను ఉన్నంతకాలం చెప్పనని. తను పోయాక కూడా చెప్పకూడదనే అనుకున్నాను. మీరు ఆశాజ్యోతిని లాగారు కాబట్టి రాస్తున్నాను. ఉత్తరాలు పంపక్కర్లేదు, మీవన్నీ తను చదివింది. "నువ్వు రాయకపోతే నేను రాస్తాను" అని పలక నిండా పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టింది.

ఆ రోజు పొద్దున మీరు ముందు రాడ్‌కి కొత్త బుష్‌లు వేస్తున్నారు. పాలకొల్లులో చెల్లెమ్మ వాళ్ల పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్. ఏడూ నలభైకి వర్జ్యం వస్తుంది, ఈలోపు గుమ్మం దాటాలని చెల్లెమ్మ తొందర. "నీ వర్జ్యం నా పానాకి తెలీదు" అని మీరు. "ఇరవై పుస్తకాలు చదివితే పంచాంగం అబద్ధమైపోతుందాండీ?" అని తను. నేను ఉక్కు కొనడానికి వచ్చి మీ ఇంట్లో దిగి ఉన్నాను. మా వాళ్లకి వర్జ్యాలు లేవు కదాని నవ్వుతూ చూస్తున్నాను. మీరు జాకీ దించేసి, పానా విసిరేసి, "వెళ్లండి, వర్జ్యం లేని డ్రైవరు ఉన్నాడుగా" అని లోపలికి వెళ్లిపోయారు. జాకీ తీసి ఉంది, కారు నేల మీద ఉంది. పని అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. కారు పైకి తీసినప్పుడు కిందకి దూరి చూశాను. ఎడమవైపు రాడ్ చివర ఊడి వేలాడుతోంది. మలుపులో అది స్టీరింగ్ కడ్డీకి అడ్డం పడింది. అందుకే చక్రం తిరగలేదు. ఆ పోట్లకే ఎడమ బ్రాకెట్ మెలి తిరిగిపోయింది. బోల్టు అక్కడే ఉంది, మర ఒక్క గీత కూడా చెడలేదు. బిగించిన నట్టు లాక్కుని ఊడితే మర అరుగుతుంది. ఇది చేత్తో పట్టించిన నట్టు. దారిలో తిరుగుతూ తిరుగుతూ పడిపోయింది. జాకీ దించాక పానా వెయ్యాలి అనే మీ పద్ధతే. దించడం అయింది, వెయ్యడం కాలేదు.

తణుకు ఆసుపత్రిలో చెల్లెమ్మకి ఒక్కదానికే చెప్పాను. "అన్నయ్యా, ఆయనకి చెప్పకు. తన చేత్తోనే నాకీ గతి పట్టిందని తెలిస్తే ఆయన బతకరు" అంది. ఇన్‌స్పెక్టరు వచ్చేలోపు వేరే నట్టు పెట్టి బిగించేశాను. కేసు నా మీదికొచ్చింది. జరిమానా కట్టాను, లైసెన్సు పోయింది. తాగాడన్న మాట మాత్రం అనుకోనిది. మా ఆవిడ జ్ఞానమ్మ పోయేదాకా చర్చిలో ఆడవాళ్ల వైపు కూర్చుని తల దించుకునేది.

నేనూ మంచివాణ్ణి కాదు. వంతెన మీద కింద నుంచి టకటకమని చప్పుడు వినిపించింది. అప్పుడు నాకు చెవులున్నాయి. ఆపి చూడాల్సింది. మీరు ఎప్పుడూ నాకు స్టీరింగ్ ఇచ్చేవారు కాదు, ఆ రోజు దొరికింది. ఆపబుద్ధి కాలేదు. ఆ తప్పు నాది. అందుకే కేసు నా మీద వేస్తే నోరెత్తలేదు.

మీరు మరిచిపోయారు. మనిషన్నాక మరుపు ఉంటుంది. నాకు మీ మీద ఏమీ లేదు బావగారూ.

శ్యాంబాబు


రాజమండ్రి
9 ఏప్రిల్

శ్యాం,

నెల దాటింది. నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది చింపకుండా పంపాలని, రాయడం కాగానే పోస్టాఫీసు తెరిచి ఉండే వేళ చూసి కూర్చున్నాను.

నువ్వు రాసిందంతా నిజం. ఒక్క మాట తప్ప. నేను మరిచిపోలేదు.

మీరు వెళ్లాక చేతులు కడుక్కుందామని పెరట్లోకి వచ్చాను. విప్పిన సామాను పాత పేపరు మీద వరసగా పెట్టుకోవడం నా అలవాటు, పిల్లలకీ అదే నేర్పాను. పని అయ్యేసరికి పేపరు ఖాళీగా ఉండాలి. పేపరు మీద ఒక స్ప్రింగ్ వాషర్ ఉంది. నట్టు ఆఖరుసారి బిగించేటప్పుడు కింద వేసేది. చూడగానే తెలిసింది, బిగించకుండా వదిలేసిన ఎడమవైపుదని.

స్కూటర్ వాకిట్లో ఉంది. పెట్రోలు ఉంది. మీరు కొవ్వూరులో పూలకి ఆగుతారనీ తెలుసు. పదిహేను నిమిషాల్లో అందుకునేవాణ్ణి. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఈ ప్రపంచంలో ఎవరికీ చెప్పలేదు. దారిలో చప్పుడు చేస్తుంది, శ్యాం ఆపుతాడు, వర్జ్యానికి ముందే గుమ్మం దాటిన మనుషులు రోడ్డు మీద ఎండలో కూర్చుంటారు, మధ్యాహ్నానికి తిరిగొచ్చి నాగదుర్గ నా ముఖం చూడలేకపోతుంది, అనుకున్నాను. చావు గురించి, కాలు విరగడం గురించి నేననుకోలేదు. గెలుద్దామనుకున్నాను. పడక్కుర్చీలో పుస్తకం తీసుకుని కూర్చున్నాను. సగం పేజీ చదివి నవ్వుకున్నాను కూడా.

తొమ్మిదిన్నరకి ఫోన్ వచ్చింది.

ఆ రోజు నుంచీ నువ్వు తాగి నడిపావనీ, వేగంగా నడిపావనీ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చదువుకున్నవాడికి ఇదొక సౌకర్యం, ఏ అబద్ధానికైనా కారణాలు కట్టుదిట్టంగా పేర్చగలడు. నువ్వు కారు బాగుచేసి పంపినా, కిందకి దూరి చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందో అని. మొన్న ఎడమ బ్రాకెట్ కొత్తదని చూడగానే సంగతి అర్థమైంది. ఇంకేదైనా కారణం నువ్వు చెబుతావేమోనని అరిచాను. తుప్పు అన్నావు. ఆ తుప్పుతో సరిపెట్టుకుని ఉంటే బాగుండేది.

భీమరాజు


పాలకొల్లు
15 ఏప్రిల్

భీమరాజు గారికి,

ఉత్తరం అందింది.

మరిచిపోయారనుకుని మోశాను. అందులో నాకు కష్టం లేదు. ఇప్పుడు లెక్క మారింది. మీరు తెలిసే తప్పు నా మీద పెట్టారు. తెలిసే చర్చికి రాశారు. తెలిసే నన్ను దండతో గేటు బయట నిలబెట్టారు. చెల్లెమ్మ ముఖం ఆఖరుసారి నేను చూడలేదు. చూడనివ్వంది పన్నెండేళ్ల పిల్ల పెంచుకున్న కోపం. ఆ కోపానికి రోజూ నీళ్లు పోసింది మీరు.

క్షమించమని మీరు రాయలేదు. మంచిది. రాస్తే ఏం చెయ్యాలో నాకు తెలిసేది కాదు. ఆదివారం ఆదివారం ఆ మాట ప్రార్థనలో పైకి అంటూనే ఉంటాను. మీ ఉత్తరం చదివాక వచ్చిన ఆదివారం నోరు పెగల్లేదు. పక్కన ఆశాజ్యోతి నా వైపు చూసింది.

శ్రీదుర్గకి చెప్పండి. ఉత్తరం రాసి చేతిలో పెట్టడం కాదు, ఎదురుగా నిలబడి చెప్పండి. అది అయ్యేదాకా నాకు రాయకండి. బుష్‌లు వాడుకోండి. వాటి తప్పేం లేదు.

శ్యాంబాబు


రాజమండ్రి
27 ఏప్రిల్, ఆదివారం

శ్యాం,

చెప్పాను.

ముందు కారు సంగతి. రాడ్లు రెండూ బిగించాను. కారుని నేల మీదికి దించి, బోల్టు బోల్టుకీ పానా వేసి, పేపరు ఖాళీ అయిందో లేదో మూడుసార్లు చూశాను. నిన్న ఒక్కణ్ణే గోదారి గట్టు మీద నడిపాను. మలుపులో నిలబడి ఉంది శ్యాం, గ్లాసులో నీళ్లు పెడితే తొణకవు. శ్రీదుర్గకి ఫోన్ చేసి, "ఇప్పుడు ఒరగదమ్మా" అన్నాను. ఈ రోజు పొద్దున వచ్చింది. చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. వాళ్లమ్మ పోయాక తనలా రావడం ఇదే. "ఎక్కడికెళ్దాం నాన్నా?" అంటూ ముందు తలుపు మీద చెయ్యి వేసింది.

ఇరవై నాలుగేళ్లుగా నేను కోరుకున్నది ఆ ఒక్కటే. తను ఎక్కి కూర్చుంటే ఇంక చెప్పలేనని తెలుసు. ఎక్కకముందే చెప్పాను. వర్జ్యం, వాషర్, పడక్కుర్చీ, చర్చికి ఉత్తరం, అన్నీ. నా గొంతు మామూలుగానే ఉంది. క్లాసులో చెప్పినట్టే చెప్పానేమో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

తను తలుపు మీది చెయ్యి తియ్యలేదు. "మామయ్య ఆ రోజు గేటు దగ్గరికి వచ్చినప్పుడు నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"నేను తలుపు వేస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"అమ్మకి తెలుసా?"

నట్టు సంగతి తెలుసన్నాను. వాషర్ సంగతి తెలుసో తెలీదో నాకు తెలీదన్నాను. అది నిజం. ఆ పేపరు మీంచి వాషర్ నేను తియ్యలేదు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి అక్కడ పేపరూ లేదు, వాషరూ లేదు. ఎవరు ఎత్తిపెట్టారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పనిమనిషి పారేసి ఉండొచ్చు. లేదా నెలన్నర తర్వాత నాగదుర్గ ఇంటికొచ్చాక ఏ డబ్బాలోనో కనబడి ఉండొచ్చు. తనకి తెలిసి ఉంటే, తెలిసే ఇరవై రెండేళ్లు కర్ర చేత్తో పట్టుకుని నాకు వడ్డించింది. తెలీకపోతే నన్ను నమ్మి వడ్డించింది. రెండింట్లో ఏది తక్కువ ఘోరమో ఇంత చదివినవాణ్ణి, తేల్చుకోలేకపోతున్నాను.

శ్రీదుర్గ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పూలు తీసి కారు మీద పెట్టింది. "మామయ్య అడ్రసు ఇయ్యి" అంది. నీ ఉత్తరం కవరే ఇచ్చాను. తన కారులో వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తడం లేదు.

ఈ ఉత్తరం కన్నా ముందే తను నీ దగ్గరికి చేరుతుంది. నీకు వినబడదని తనకి తెలీదు, ఆశాజ్యోతిని పలక ఇమ్మను. అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పు. నీ మంచితనం నాకు తెలుసు, ఎక్కడో ఒకచోట "ఆయన అంత చెడ్డవాడు కాదమ్మా" అనబోతావు. అనకు శ్యాం. నన్ను వెనకేసుకు రాకు.

భీమరాజు